ఐదడుగుల ఎనిమిదంగుళాలు

రా తల్లీ, కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలొకటి పొట్టి. మీ తాత ఉన్న రోజుల నుంచీ అంతే. ఎవరు కూర్చున్నా కాస్త పక్కకు ఒరిగేవారు. "అందుకే నా స్టూడియోలో దిగిన ఫోటోల్లో అందరూ వినయంగా కనబడతారు" అనేవాడాయన. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చో. ఆ, ఇప్పుడు చెప్పు. పొద్దున ఫోనులో సగం వినబడింది, సగం వినబడకపోతే బాగుండుననిపించింది. ఏమన్నావు? మూడు వారాలు ఆ తీరమంతా తిరిగావు, మీ తాత నిలబడ్డ చోటే నిలబడి ఆయన తీసిన నలభై ఫోటోలూ మళ్ళీ తీశావు, బాగుంది. ఎర్ర వెలుగు చుక్క పడే ఆ కొలత యంత్రంతో కట్టడాలన్నీ కొలిచావు, అదీ బాగుంది. మీ తాత పుస్తకంలో వేసిన ఎత్తులు ఒక్కటీ సరిగా లేవంటావు. అంచేత నీ కొత్త పుస్తకానికి రాసే ముందుమాటలో "ఆయన కొలతల్లో అతిశయోక్తి ఉంది" అని ఒక వాక్యం పెడతానంటావు. అంతేనా? ఊఁ. పెట్టకు. నేను చెప్పేది విని, అప్పుడు కూడా పెట్టాలనిపిస్తే పెట్టు, నేను అడ్డుపడను. కానీ ఆయన పోయి ముప్ఫై ఏళ్ళయింది. ఇప్పుడు ఆయన సొంత మనవరాలు, ఆయనలాగే కెమెరా పట్టుకున్న చేత్తోనే ఆ మాట రాస్తే, ఇక దాన్ని ఎవరూ చెరపలేరు. అందుకని విను.

మీ తాత నాకు బావ. మా అక్క మొగుడు. ఈ గది అప్పుడు స్టూడియో, నువ్వు కూర్చున్న చోట పరదా ఉండేది. దాని మీద మెట్లు, ఒక స్తంభం, స్తంభం మీద పూలకుండీ. ఊళ్ళో ప్రతి కుటుంబమూ ఆ మెట్ల ముందు ఒకసారి నిలబడింది, ఒక్కరూ వాటిని ఎక్కలేదు. ఆ వెనక తలుపు డార్క్‌రూమ్‌ది, అక్కణ్ణుంచి ఎప్పుడూ పుల్లటి మందువాసన వచ్చేది, అన్నంలోకి కూడా వచ్చేది. "ఈయన చేత్తో వడ్డిస్తే పెరుగు వేసుకోనక్కర్లేదు" అని మా అక్క దెప్పేది. బావ ఆ మాటలకు నవ్వేవాడు గాని చేతులు కడుక్కునేవాడు కాదు. మనిషి సన్నగా, నిటారుగా ఉండేవాడు. మాట తక్కువ, వెలుతురు మీద మాత్రం ఎంతసేపైనా మాట్లాడేవాడు. మబ్బు పట్టిన పూట వచ్చే వెలుతురును "మజ్జిగ" అనేవాడు. మిట్టమధ్యాహ్నం వెలుతురును "అరిచే వెలుతురు" అనేవాడు, "అది అరుస్తుంటే రాయి చెప్పే మాట వినబడదు" అనేవాడు. నేను పద్యాల మాస్టర్ని గదా, ఇరవై నాలుగేళ్ళకే బళ్ళో ప్రాచీన కావ్యాలు చెప్పేవాణ్ణి, నాకు ఆ మాటలు తెగ నచ్చేవి. "బావా, నువ్వు కవివి" అంటే కోపం వచ్చేది. "నేను కవిని కాను, గుమాస్తాను. ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకుంటాను" అనేవాడు. ఈ మాట గుర్తుంచుకో, ఉన్నది ఉన్నట్టు.

సరే, పాత కట్టడాల సంఘంవాళ్ళు ఆయన్ని పిలిచి పని అప్పజెప్పారు. తీరం పొడుగునా, తీరం వెనక పల్లెల్లోనూ వందల ఏళ్ళ నాటివి ఎన్నో ఉన్నాయి, వంతెనలు, బురుజులు, ధాన్యపు కొట్లు, సముద్రంలోకి దిగే రాతి ద్వారాలు. కూలిపోకముందే వాటికి పటాలు తీసి, ఎత్తు వెడల్పులు రాసి, పుస్తకంగా అచ్చు వెయ్యాలి. మొదటి పుస్తకం తీరానిది. అది బాగా వస్తే రెండోది, ఏటి వెంట పైకి, కొండల దాకా. బావ ఆ రెండో పుస్తకం కోసమే మొదటిది ఒప్పుకున్నాడు. ఆ ఏరు ఆయన పుట్టిన ఊరు పక్కనుంచే పారుతుంది. పైనున్న రాతి కాలువలు, పాడుబడ్డ కోట, గడియారం లేని గడియారపు గోపురం, అన్నీ చిన్నప్పుడు చూసినవి. "తీరం నాకు పరీక్షరా పంతులూ, ఏరు నాకు బహుమానం" అన్నాడు. నన్ను పంతులూ అనే పిలిచేవాడు. మా బళ్ళో పిల్లలు కూడా వెనక అలాగే అనేవారు, అది వేరే సంగతి.

ఎత్తులు కొలవడానికి ఆయన ఒక పొడుగాటి కర్ర చేయించాడు. అడుగుకొక ఎరుపు గీత, అడుగుకొక తెలుపు. కట్టడం పక్కన దాన్ని నిలబెట్టి ఫోటో తీస్తే, తర్వాత ప్రింటు మీద డివైడరు ముళ్ళు పెట్టి, కర్ర ఇంత ఉంటే గోపురం ఎంత అని లెక్క కట్టొచ్చు. సముద్రపు ద్వారం పైకి టేపు పట్టుకుని ఎవడెక్కుతాడు? చక్కటి ఉపాయం. కర్ర రెండు నెలలు పెరట్లో ఉంది. ప్రయాణానికి ముందురోజు బావ దాన్ని తేబోతే, మా అక్క దాని మీద తడి దుప్పట్లు ఆరేస్తోంది! రెండు నెలలూ ఆరేసిందట. కర్ర విల్లులా వంగింది. "ఎరుపూ తెలుపూ ముచ్చటగా ఉంది, బట్టలారేసుకోవడానికి కొన్నావనుకున్నాను" అంది. నేనైతే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి. బావ ఆ కర్రకేసి చూశాడు, నాకేసి చూశాడు, "కర్ర వంగింది. పంతులు వంగడు" అన్నాడు. అలా నేను కొలకర్రనయ్యాను. బళ్ళకు సెలవులు, రానంటే వదిలే మనిషి కాడు, పైగా నాకూ సముద్రం చూడాలని ఉంది.

ఇక్కడే వచ్చింది తంటా. ఈ గదిలోనే, ఇదిగో ఈ కిటికీ దగ్గర బల్ల వేసుకుని ఒకమ్మాయి కూర్చునేది. టచింగు చేసేది, అంటే నెగటివ్‌ల మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు మాన్పేది. ఊరంతా ఆవిణ్ణి పొడుగమ్మాయి అనేవారు. కూర్చుంటే తెలిసేది కాదు, లేస్తే మాత్రం గదికి గుమ్మం చిన్నదనిపించేది. ప్రయాణానికి కావలసిన నోటుపుస్తకం ఆమె తయారు చేస్తోంది. బావ డార్క్‌రూమ్‌లోంచే కేకేశాడు, "పంతులు ఎత్తెంతో కనుక్కుని మొదటి పేజీలో రాయమ్మా!" అని. ఆమె పెన్సిలెత్తి, తల మాత్రం ఎత్తకుండా, "ఎత్తు?" అంది. అప్పటికి ఎనిమిది నెలల నుంచి ఆ అమ్మాయితో ఒక మాట మాట్లాడాలని నేను ఏదో ఒక వంకతో స్టూడియోకి వస్తున్నాను. ఆ ఎనిమిది నెలల్లో ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఐదడుగుల ఐదు నా ఎత్తు. "ఐదడుగుల ఎనిమిది" అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది! పద్యం చెప్పేటప్పుడు కూడా అంత ధారగా రాదు నాకు. ఆమె తలెత్తి ఒక్కసారి చూసింది. కింద నుంచి పైకి చూసి, రాసేసింది. ఆ పెన్సిలు చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది. చూడు తల్లీ, పిల్లలు రాసిన పద్యంలో ఒక్క లఘువు ఎక్కువైతే ఎర్రసిరాతో సున్నా చుట్టి బెంచీ ఎక్కించేవాణ్ణి నేను. ఆ నేను నా ఒంట్లోకి మూడంగుళాలు చొప్పించుకున్నాను.

నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. ఇంకా ఉంది.

ఇరవై రెండు రోజులు తిరిగాం. బస్సు పోయినంత దూరం బస్సు, తర్వాత ఎడ్లబండి, తర్వాత కాళ్ళు. ఆ కెమెరా చెక్కపెట్టె, ముందు తోలుముడతలు, దానికి మూడుకాళ్ళ స్టాండు, పైన కప్పుకోవడానికి నల్లగుడ్డ. పెట్టె ఆయన మోసేవాడు, స్టాండు నేను. ఉప్పుగాలికి లెన్సు మీద పొర పడుతుందని తన పైపంచె చెంగు దానికే కేటాయించాడు, మొహం మాత్రం చొక్కా చేతికే తుడుచుకునేవాడు. అబ్బ, ఆ తీరం! నువ్వు చూశావు కదా, ఎర్రమట్టి గట్లు ఒకచోట తెగి నేరుగా నీళ్ళలోకి దూకుతాయి, వాటి కింద ఇసుక నల్లగా ఉంటుంది, తడిసినప్పుడు అద్దం, ఆరినప్పుడు బూడిద. గట్టు మీద దీపస్తంభం. దాని కాపలాదారు మాకు మెట్లు తుడిచి మరీ చూపించాడు, "ఏళ్ళ తర్వాత నాకోసం కాక దీపం కోసం వచ్చిన మనుషులు మీరే" అన్నాడు, అంటే ఆయన కోసం మాత్రం ఎవరొచ్చేవారో మేము అడగలేదు. అక్కడ బావ మూడు రోజులు కూర్చున్నాడు ఒక్క ఫోటో కోసం. మొదటిరోజు అరిచే వెలుతురు, రెండోరోజు మజ్జిగ మరీ పలచన, మూడోరోజు సాయంత్రం సరిగ్గా కుదిరింది. ఆ ఫోటోలో స్తంభం నీడ నీళ్ళ మీద పడి విరగకుండా సాగిపోయింది చూడు, నీ కెమెరాలో వచ్చిందా అది? రాలేదు. నాకు తెలుసు. నీ తప్పు కాదు, నువ్వు మూడు రోజులు కూర్చోలేదు, అంతే.

ప్రతి ఫోటోలోనూ నేనున్నాను. పటం మూల గోరంత మనిషి, గోడకు వీపు ఆనించి నిలబడ్డవాడు, నేనే. "ఈ మనిషెవరు?" అని నువ్వు చిన్నప్పుడు అడిగితే ఇంట్లోవాళ్ళు "ఎవరో దారినపోయేవాడు" అన్నారట. దారినపోయేవాణ్ణి ఇరవై రెండు రోజులు ఎండలో నిలబెడతారా ఎవరైనా? ఫోటో తీసే ముందు బావ దగ్గరికొచ్చి, "చెప్పులు విడువు" అనేవాడు. "అట్ట అర అంగుళం ఉంటుంది, అర అంగుళం అబద్ధం మనకొద్దు." ఆ రోజుల్లో నాది గుబురు క్రాపు, దాన్ని సీసాలో నీళ్ళతో తడిపి నెత్తికి అణిచేవాడు. "జుట్టు మనిషిలో భాగం కాదు పంతులూ." పాదాలు కనబడాలి, గడ్డి అడ్డు రాకూడదు, మోకాలు వంగకూడదు. తర్వాత వెనక్కు నడిచి, నల్లగుడ్డలో తల దూర్చి, ఒక చెయ్యి మాత్రం బయటపెట్టి, "ఉండు" అనేవాడు. అంతే, ఊపిరి కూడా తియ్యకూడదు. రెండు సెకన్లు కావచ్చు, మబ్బుగా ఉంటే ఎనిమిది కావచ్చు. అయ్యాక "ఇక రా" అనేవాడు. ఉండు, ఇక రా. ఈ రెండు మాటల మధ్య నేను నలభై సార్లు రాయినయ్యాను. నా నిలకడలో దోషం లేదు తల్లీ, ఆ పటాల్లో నేను ఎక్కడైనా కదిలానేమో చూడు. దోషం నిడివిలో ఉంది.

చెబుదామనుకోలేదా అంటావా? అనుకున్నాను. పదమూడో రోజు, ఆ మూడు కమానుల వంతెన దగ్గర. తీరానికి కాస్త ఎడంగా, చేల మధ్య ఉంటుంది, కింద నీళ్ళు చీలమండ లోతు. ఫోటో అయిందో లేదో వాన. ఇద్దరం వంతెన కమాను కింద చేరాం, కెమెరాకు నల్లగుడ్డ కప్పి, మేము తడుస్తూ. ఊరికే కూర్చోలేని మనిషి, "పంతులూ, మీ అలంకారాల్లో అతిశయోక్తి అంటే ఏమిట్రా? సంఘంలో ఒకాయన ఫోటోల్లో అది లేకుండా చూసుకోమన్నాడు" అన్నాడు. నేను పాఠం అందుకున్నాను. ఉన్నదానికి మించి చెబితే అతిశయోక్తి, ఉన్నది ఉన్నట్టు అందంగా చెబితే స్వభావోక్తి, మొదటిది చెవికి ఇంపు, రెండోది చెప్పడం కష్టం, అని. ఎంత బాగా చెప్పానో! ఆయన వాననీళ్ళు కారుతున్న మొహంతో శ్రద్ధగా విని, "అయితే నాది రెండోది" అన్నాడు. "నా పుస్తకంలో మొదటిది ఒక్క వేలు వెడల్పు కూడా ఉండకూడదు." నా నోటిదాకా వచ్చింది. బావా, నేను ఐదడుగుల ఐదు. ఎంత మాట అది? ఊపిరి కూడా పట్టదు. కానీ తిరిగి వెళ్ళాక ఆ నోటుపుస్తకం మొదటి పేజీలో కొట్టివేత చేసేది ఆ పొడుగమ్మాయే కదా. ఎనిమిదిని కొట్టేసి ఐదు వేస్తూ ఆమె మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. వాన వెలిసింది, నేను చెప్పలేదు.

ఇక సముద్రపు ద్వారం. ఈ గోడకున్న ఈ పెద్ద పటం అదే. దాని అడుగు ఏడాదిలో కొద్ది రోజులే బయటపడుతుంది, నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడు, అదీ ఒక గంటసేపు. మేము పరుగెత్తుకుంటూ వెళ్ళాం, నాచు మీద జారుతూ. దగ్గరికెళ్ళి తలలు వెనక్కి వాల్చి చూశాం. రెండు పక్కలా పేర్చిన రాళ్ళు, ఒక్కోటి ఈ బల్లంత, మధ్యలో సున్నం లేదు, మన్ను లేదు. పైన కమాను రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని అలా నిలబడిపోయాయి. అవతలి వైపు నుంచి సముద్రం ఆ ద్వారం గుండా మనల్ని చూస్తున్నట్టుంటుంది. బావ కంట నీళ్ళు పెట్టుకున్నాడో, ఉప్పుగాలో నాకు తెలియదు. చెప్పులు విడిచాను, జుట్టు అణిచాడు, ద్వారం మొదట్లో ఎండు రాయి మీద నిలబెట్టాడు. "పాదాలు కనబడాలి. నీళ్ళు పాదాలు మూసేలోపు అయిపోవాలి. ఉండు!" అన్నాడు. ఉన్నాను. మబ్బు సూర్యుడి మీదికొచ్చింది. గుడ్డ కింద నుంచి ఆ చెయ్యి అలాగే బయటికుంది, ఉండు అన్నట్టే. నీళ్ళు రాయి చుట్టూ చేరాయి, వేళ్ళ సందుల్లోంచి చల్లగా పాకాయి. మబ్బు తొలగింది. పెట్టెలో టక్కుమంది. "ఇక రా! ఇక రారా, పరుగెత్తు!" అన్నాడు, ఆ వెంటనే నేను నిలబడ్డ రాయి మునిగిపోయింది. ఒడ్డుకొచ్చాక ఆయన నన్ను కావలించుకున్నాడు, జీవితంలో ఒక్కసారే. "నీ కాళ్ళు దొరికాయిరా పంతులూ, నీ కాళ్ళు దొరికాయి" అంటాడు. ఆ కాళ్ళ మీదినుంచే లెక్క కట్టాడు, ముప్ఫై నాలుగడుగులని.

పుస్తకం అచ్చయింది. అందరూ మెచ్చుకున్నారు. రెండో పుస్తకానికి బావ ఏటి పటం గోడకు అంటించుకుని, ఎక్కడ ఏ నెలలో వెలుతురు ఎలా ఉంటుందో గుర్తులు పెట్టుకున్నాడు. అప్పుడొచ్చాడు సర్వేయరు. సంఘంవాళ్ళు పంపారు. బొద్దుగా, సరదాగా ఉండే మనిషి, చంకలో ఇనప టేపు. ఇక్కడే, ఈ గదిలోనే నిలబడి, "ఫోటోగ్రాఫరు గారూ, మీ ద్వారం పైనుంచి తాడు వదిలి కొలిచానండీ. ముప్ఫై రెండున్నరే ఉంది. మీరు వచ్చి వెళ్ళాక కుంగిందంటారా, లేక మీరు ఎరువేమైనా వేసి పెంచారా?" అన్నాడు. వంతెన కూడా కొలిచాడు, పదిహేడని రాసినచోట పదహారడుగుల మూడంగుళాలు. "అన్నీ ఏపుగా ఎదిగాయండీ మీ పుస్తకంలో!" బావ నవ్వలేదు. ప్రింటు తెప్పించాడు, డివైడరు పెట్టాడు, మళ్ళీ పెట్టాడు. లెక్క సరిపోయింది. ఇంకోసారి పెట్టాడు. అప్పుడు ఆ ముళ్ళు బల్ల మీద పెట్టేసి, నెమ్మదిగా తలెత్తి నాకేసి చూశాడు. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. నా పక్కన పొడుగమ్మాయి. ఆమె ఐదడుగుల ఆరు, ఆ సంగతి బావకు తెలుసు. ఆమె పాపిట నా క్రాపు కంటే పైన ఉంది. ఎన్నాళ్ళ నుంచో మా ఇద్దర్నీ పక్కపక్కన చూస్తూనే ఉన్నాడు, చూడనే లేదు. ఆ క్షణాన చూశాడు.

నేను నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. అప్పుడాయన చెయ్యి లేచింది. నల్లగుడ్డ కింద నుంచి లేచినట్టే, అదే చెయ్యి, అదే ఎత్తు. "ఉండు" అన్నాడు నాతో. తర్వాత సర్వేయరు వైపు తిరిగి, "తప్పు నాదేనండి. కొలవవలసినవాటిలో ఒకదాన్ని కొలవలేదు" అన్నాడు. "ఏది?" అన్నాడు అతను. "అది మా ఇంటి సంగతి" అన్నాడు బావ. అయిపోయింది. సంఘంవాళ్ళు మర్యాదగానే ఉత్తరం రాశారు. రెండో పుస్తకం వేరే వాళ్ళకిచ్చారు, వాళ్ళు ఏదో తీశారు, అరిచే వెలుతురులో. బావ ఏటి పటాన్ని గోడ మీదినుంచి జాగ్రత్తగా ఊడదీసి, మడత పెట్టి, మళ్ళీ పరదా మీది మెట్ల ముందు మనుషుల్ని నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళు బతికాడు. ఆ ఏటి వైపు కెమెరా తీసుకుని పోలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. నాకూ పొడుగమ్మాయికీ పెళ్ళయితే ఫోటోలు ఆయనే తీశాడు, ఆమెను కూర్చోబెట్టి నన్ను నిలబెట్టాడు. అందరూ అదేదో పద్ధతనుకున్నారు. ఆమె మాత్రం తెలిసి నవ్వింది. తర్వాతెప్పుడో నేను అడిగాను, "ఆ రోజు నీకు తెలియదా నేను ఎనిమిది కాదని?" అని. "తెలియకేం? నా కళ్ళెదురుగా నీ కనుబొమలుండేవి" అంది. "మరి ఎందుకు రాశావు?" అంటే, "చెప్పింది రాయమన్నారు, కొలవమనలేదు" అంది. ఆమె కూడా ఆయన దగ్గర తలెత్తి మాట్లాడలేకపోయింది ఆ తర్వాత చాన్నాళ్ళు. చూడు, ఇద్దరం కలిసి మోసిన మూడంగుళాలు.

ఏమిటంటున్నావు? అంత చిన్నదానికి ఆయన ఎందుకు చెప్పలేదనా? నేనూ అదే అడుగుతాను, ఆయన లేడు గదా జవాబు చెప్పడానికి. బళ్ళో మాస్టరు, ఎత్తు గురించి అబద్ధం చెప్పి పుస్తకం పాడు చేశాడంటే ఊళ్ళో నా బతుకేమయ్యేదో ఆయన లెక్క కట్టి ఉంటాడు. లెక్కలు బాగా కట్టేవాడు. నాకు అర్థమైంది ఇంతే. ఆయన ఉండు అన్నాడు, నేను ఉన్నాను, ఇక రా అనకుండానే ఆయన వెళ్ళిపోయాడు. అరవై ఏళ్ళయింది.

సరే, ఇక ఏడుపుగొట్టు మాటలు చాలు, లెక్కలోకి రా. ఫోను తియ్యి, అందులో లెక్కలు కట్టే డబ్బా ఉంటుంది కదా. ఆయన పుస్తకంలో ఏ ఎత్తయినా తీసుకో. దాన్ని అరవై ఐదుతో గుణించు, అరవై ఎనిమిదితో భాగించు. ద్వారం ముప్ఫై నాలుగు. ఎంతొచ్చింది? చెప్పు పైకి. ముప్ఫై రెండున్నర! నీ ఎర్రచుక్క ఎంతంది? ఆ! వంతెన పదిహేడు, కట్టు. పదహారు పాయింట్ రెండు ఐదు, అంటే మూడంగుళాలేగా. దీపస్తంభం అరవై ఎనిమిది, ఇది నేనే చెప్పగలను, అరవై ఐదు. ఏదీ తప్పదు. నలభైలో ఒక్కటీ తప్పదు. అబద్ధాలాడేవాడు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఆడతాడు తల్లీ. ఇంత ఛందస్సుగా ఎవడూ ఆడడు. ఆ పుస్తకంలో ఉన్నది మీ తాత అతిశయోక్తి కాదు, నాది. అతిశయోక్తి అంతా మూలనున్న ఆ గోరంత మనిషిలో ఉంది. ముందుమాటలో ఇది రాయి. నా పేరు పెట్టి రాయి. పద్యాల మాస్టరు అని కూడా వెయ్యి.

ఊఁ? ఋజువా? అడిగావు, మీ తాత మనవరాలివే! నోటిమాట ఎత్తు రాసుకుని ఒకసారి చెడ్డాం, రెండోసారి వద్దులే. లే, ఆ పటం దించు. ఆ ద్వారం పటమే. జాగ్రత్త, అద్దం బరువు. నా చేత్తో తగిలించింది, ఆయన పోయిన వారానికి, మళ్ళీ తియ్యలేదు. దించావా? ఇప్పుడు గోడ మీద చూడు, పెన్సిలు గీత. సర్వేయరు గడప దాటాక బావ నన్ను ఆ గోడకు నిలబెట్టాడు. చెప్పులు విడువు అనలేదు, నేనే విడిచాను. జుట్టు నేనే అణుచుకున్నాను. నెత్తి మీద ఆ నోటుపుస్తకమే బల్లపరుపుగా ఆనించి, ఒక గీత గీశాడు. అంకె వెయ్యలేదు, తేదీ వెయ్యలేదు. "పద, టీ తాగుదాం" అన్నాడు, అంతే. టేపు ఇలా ఇవ్వు, కింద నేను పట్టుకుంటాను... కాదు, ఉండు, నేను కూడా నిలబడతాను, చూద్దాం, ఈ చెప్పులు విడవనీ. ఆ. నేను గీతకు అందుతున్నానా? లేదూ? ఎంత తక్కువ? రెండు వేళ్ళా? పోనీ, ఎనభై నాలుగేళ్ళకు ఎవడైనా తగ్గుతాడు, నన్నొదిలెయ్, గీత కొలువు. గీతకు కింది అంచు చూడు, మీ తాత ఎప్పుడూ కింది అంచే చూసేవాడు. ఎంత? గట్టిగా చదువు. అరవై ఐదు. మళ్ళీ చదువు. ఊఁ. రాసుకో, పెన్సిలుతో కాదు, పెన్నుతో.

...

ఆ చెప్పులు ఇటు తొయ్యమ్మా. నేల చల్లగా ఉంది.